తాయెత్తు, పసరు, స్వస్థత సభ: బెంగళూరు ఆసుపత్రుల దగ్గర మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి, మానసిక, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ రెండూ హోసూరు రోడ్డు వైపే, పక్కపక్కనే ఉంటాయి. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కడప నుంచి రాత్రి బస్సెక్కి, తెల్లవారేసరికి కలాసిపాళ్యంలోనో మెజెస్టిక్‌లోనో దిగి నేరుగా ఇక్కడికి వచ్చేవాళ్ళు రోజూ ఉంటారు. కన్నడం రానివాళ్ళకు చీటీ రాయించడం, డాక్టరు చెప్పింది తెలుగులో మళ్ళీ విడమరిచి చెప్పడం లాంటి పనులు మేం కొందరం చేస్తుంటాం. రిపోర్టుల సంగతి అయ్యాక, పక్కన ఎవరూ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు కొన్నుంటాయి. ఇవి అవే. దేవుడున్నాడా లేడా అన్న తగువు మాకొద్దు. జబ్బు తగ్గిందా, తగ్గితే దేనివల్ల తగ్గింది, అంతవరకే మా మాట.

మా ఊళ్ళో పచ్చకామెర్లకు ఆకుపసరు పోస్తారక్కా. తాగినవాళ్ళందరికీ తగ్గింది. అదీ మోసమేనా?

తగ్గిన మాట నిజమే. పసరు తగ్గించిందన్న దగ్గరే పేచీ.

మన ఊళ్ళలో కనిపించే కామెర్లలో చాలావరకు మురికినీళ్ళ వల్ల, పాడైన తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు. ఆ వైరస్ కాలేయాన్ని కొన్నాళ్ళు ఇబ్బంది పెడుతుంది. తర్వాత ఒళ్ళే దాన్ని వదిలించుకుంటుంది. కొన్ని వారాల్లో కళ్ళు తెల్లబడతాయి. పసరు తాగినా అంతే, మజ్జిగ తాగినా అంతే. పైగా పసరాయన దగ్గరికి ఎప్పుడు వెళ్తాం? కళ్ళు బాగా పచ్చబడి, అన్నం సయించక, మంచం పట్టాక. అంటే జబ్బు ముదిరి ఇక దిగుముఖం పట్టే వేళకి. మూడు మోతాదుల పసరు, నూనె లేని చప్పిడి పథ్యం, ఇన్ని వారాలని ఒక గడువు. ఆ వారాలన్నీ పనిచేసింది ఒళ్ళు. పేరు మాత్రం పసరుకొచ్చింది.

ఇంకొందరు సున్నపు నీళ్ళలో చేతులు కడిగించి, పచ్చగా కారే నీళ్ళు చూపించి, "చూశావా, కామెర్లు దిగిపోతున్నాయి" అంటారు. కామెర్ల రంగు రక్తంలో ఉంటుంది, మూత్రంలో పోతుంది. అరచేతి చర్మంలోంచి కారదు. ముందుగా చేతికి పులిమే మామిడి బెరడు రసానికి సున్నం తగిలితే పసుపెక్కుతుంది. నమ్మకం కుదరకపోతే, ఏ జబ్బూ లేని మీ బావగారికి కూడా అదే రసం రాయించి కడిగించి చూడండి.

ఇంతవరకైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ కామెర్లన్నీ ఒకటి కావు. పిత్తాశయంలోని రాయి జారి నాళానికి అడ్డుపడినా కళ్ళు పచ్చబడతాయి. క్లోమం తల దగ్గర గడ్డ పెరిగినా, హెపటైటిస్ బి ముదిరినా, టీబీ మాత్రలు కాలేయానికి పడకపోయినా పచ్చబడతాయి. గర్భిణికి చివరి మూడు నెలల్లో హెపటైటిస్ ఇ వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదముందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ తేడాలు తేల్చేవి రక్తపరీక్ష, కడుపు స్కానింగు. పసరాయన కంటికి అన్నీ ఒకటే పచ్చ. ఆపరేషన్‌తో తీయగలిగే గడ్డ ఉన్న మనిషి పథ్యం చేస్తూ ఇంట్లో కూర్చున్న ఆ నెల మళ్ళీ రాదు. పసరు కంట్లో పోయడం, ముంజేతి మీద వాతలు పెట్టడం అయితే ఏ కామెర్లకూ వద్దు.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెడితే ఆగిపోవడం మా కళ్ళతో చూశాం కదా?

మామూలుగా ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. మనిషి పడిపోయాడు, ఎవరో కేక వేశారు, ఇంకెవరో తాళాల కోసం పరిగెత్తారు, తెచ్చి గుప్పిట్లో పెట్టారు. ఈ లోపల ఆగే సమయం వచ్చేసింది. ఉల్లిపాయ వాసన చూపించినా, చెప్పు వాసన చూపించినా ఇదే లెక్క.

చేయాల్సింది తక్కువే. మనిషిని పక్కకు ఒత్తిగిలించండి, తల కింద మెత్తటిది పెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే మరొకటి మొదలైనా 108కి ఫోన్ చేయండి. సరైన మందు క్రమం తప్పకుండా వేసుకుంటే మూర్ఛ ఉన్న పదిమందిలో దాదాపు ఏడుగురు ఫిట్స్ లేకుండా బతకవచ్చు. ఆ మందులు ఖరీదైనవేం కావు. ఇంత మంచి వైద్యమున్న జబ్బుకు మన దగ్గర ఇన్ని తాయెత్తులు కట్టడమే నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

అయితే డాక్టరు మందుకైనా అంతేగా? అదీ దానంతటదే తగ్గిందేమో?

ఇది నిజంగా తెలివైన ప్రశ్న. అవును, అంతే. "నేను వేసుకున్నాను, తగ్గింది" అన్నది ఆసుపత్రి మాత్రకైనా సాక్ష్యం కాదు. అందుకే ఒకే జబ్బు ఉన్నవాళ్ళను రెండు జట్లుగా చీటీలు వేసి విడదీస్తారు. ఒక జట్టుకు మందు, ఇంకొక జట్టుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తి బిళ్ళ. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. చివర్లో లెక్క చూస్తారు. ఉత్తి బిళ్ళ జట్టు కంటే మందు జట్టు నయంగా ఉంటేనే ఆ మందు నిలుస్తుంది. ఈ పరీక్షలో పోయే ఇంగ్లీషు మందులూ బోలెడు.

ఈ పద్ధతికి పాత చరిత్రే ఉంది. 1784లో పారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడు ఒంట్లో అయస్కాంతశక్తి లాంటిదేదో ప్రవహింపజేసి జబ్బులు తగ్గిస్తున్నానంటే జనం విరగబడ్డారు. రాజు 16వ లూయీ ఒక సంఘాన్ని వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ ఉన్నారు. వాళ్ళు రోగుల కళ్ళకు గంతలు కట్టారు. శక్తి ఎక్కిస్తున్నామని అబద్ధం చెప్పినప్పుడు రోగులు వణికిపోయారు. చెప్పకుండా ఎక్కించినప్పుడు ఏమీ కాలేదు. పనిచేసింది ఊహే అని తేల్చారు.

ప్రార్థనకూ ఇలాంటి పరీక్ష జరిగింది. 2006లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మందిని మూడు జట్లు చేశారు. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు జట్లలో, ప్రార్థన అందినవాళ్ళలో 52 శాతానికి, అందనివాళ్ళలో 51 శాతానికి ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చాయి. అంటే తేడా లేదు. మీకోసం ప్రార్థిస్తున్నారని ముందే చెప్పిన మూడో జట్టులో 59 శాతానికి వచ్చాయి. "నాకోసం అంతమంది ప్రార్థిస్తున్నారంటే నా పరిస్థితి అంత బాగాలేదా" అని బెంగపడ్డారేమోనని కొందరి అనుమానం. దీన్నిబట్టి ప్రార్థన చెడ్డదని నేననను. ఆపరేషన్ మాత్రం అందరికీ జరిగింది, గమనించండి.

నమ్మకం ఉంటే సగం జబ్బు పోతుందంటారు?

నొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం, ఆందోళన లాంటి వాటిలో నమ్మకం నిజంగానే కొంత పనిచేస్తుంది. మనిషికి హాయిగా అనిపిస్తుంది. చిక్కేమిటంటే హాయిగా అనిపించడం వేరు, జబ్బు తగ్గడం వేరు.

దీనికి ఉబ్బసం మీద 2011లో వచ్చిన ఒక అధ్యయనాన్ని మించిన ఉదాహరణ లేదు. అవే రోగులకు ఒకసారి అసలు ఇన్‌హేలరు, ఒకసారి మందులేని ఇన్‌హేలరు, ఒకసారి ఉత్తుత్తి సూదుల వైద్యం ఇచ్చారు. ఎలా ఉందని అడిగితే మూడింటికీ దాదాపు ఒకేలా, సగానికి సగం నయం అన్నారు. తర్వాత గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల బలం కొలిచారు. అసలు మందు పీల్చినప్పుడు 20 శాతం పెరిగింది. మిగతా రెండింటితో 7 శాతం చుట్టుపక్కల. రోగి మాటలో తేడా లేదు, ఊపిరిలో ఉంది.

ఇప్పుడు మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం సంగతి ఆలోచించండి. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పచ్చటి ముద్ద పెట్టి మింగిస్తారు. డబ్బు తీసుకోరు. ఇక్కడి నుంచీ ఏటా రైలెక్కేవాళ్ళున్నారు. వచ్చాక ఆయాసం తగ్గిందంటే వాళ్ళు అబద్ధం ఆడుతున్నట్టు కాదు. కానీ ఉబ్బసం కాలాన్నిబట్టి పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. తగ్గినట్టనిపించి ఇన్‌హేలరు పక్కన పడేస్తే, తర్వాతి ఉధృతి అర్ధరాత్రి వస్తుంది. వెళ్ళాలనుకుంటే వెళ్ళండి. ఇన్‌హేలరు సంచిలో పెట్టుకుని వెళ్ళండి.

చదువురాని వాళ్ళంటే సరే. వైట్‌ఫీల్డులో లక్షల జీతం తీసుకునేవాళ్ళు కూడా ఎందుకు నమ్ముతారు?

మూఢనమ్మకం చదువు లేకపోవడంవల్ల అనుకోవడం కూడా ఒక మూఢనమ్మకమే.

ముందు మనం ఎవరి మాట వింటున్నామో చూడండి. నాటుమందు తిని బతికినవాడు ఊరంతా చెబుతాడు. తిని చచ్చిపోయినవాడు చెప్పలేడు, ఇంటివాళ్ళకు చెప్పుకోవడానికి మొహం చెల్లదు. కాబట్టి చెవిన పడే కథలన్నీ తగ్గినవాళ్ళవే. మనిషి ఎంత చదివినా, కానరాని లెక్కను కలుపుకుని ఆలోచించడం కష్టం.

రెండో సంగతి, ఎవరూ ఒక్క వైద్యమే చేయరు. కిద్వాయిలో రేడియేషన్, ఇంట్లో పసుపు కషాయం, శుక్రవారం దర్గా, ఆదివారం ప్రార్థన నూనె. గడ్డ కరిగితే మెప్పు దేనికి? రేడియేషన్‌కు ఒళ్ళు కాలింది, వెంట్రుకలు ఊడాయి, డబ్బు పోయింది, దాని మీద కోపముంది. కషాయం మీద ప్రేమ ఉంది. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజోత్ సింగ్ సిద్ధూ, తన భార్య నాలుగో దశ క్యాన్సర్ నుంచి కోలుకోవడానికి వేపాకు, పసుపు, నిమ్మరసం, ఆహార నియమాలు తోడ్పడ్డాయని చెప్పిన వీడియో మన వాట్సాప్ గుంపుల్లోనూ తిరిగింది. ఆమెకు ఆపరేషన్, కీమో కూడా జరిగాయన్న ముక్క తిరగలేదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన 262 మంది క్యాన్సర్ వైద్యులు, వైద్యం ఆపి ఇలాంటివి నమ్ముకోవద్దని ప్రకటన చేయాల్సి వచ్చింది.

ఇక మూడోది. ఇది డాక్టర్లకు వినసొంపుగా ఉండదు. పెద్దాసుపత్రిలో ఉదయం ఆరింటికి క్యూలో నిలబడితే డాక్టరు ముందు కూర్చునేది నాలుగైదు నిమిషాలు. ఆయన తల ఎత్తేలోపల వెనకవాళ్ళు తోస్తుంటారు. జబ్బు పేరు ఇంగ్లీషులో, తర్వాత ఎక్కడికెళ్ళాలో కన్నడంలో. బాబా దగ్గరికెళ్ళండి, ఎదురుగా కూర్చోబెట్టి "ఎన్నాళ్ళయిందమ్మా, ఇంట్లో ఎవరెవరున్నారు, ఆడపిల్ల పెళ్ళయిందా" అని అడుగుతాడు. తల మీద చెయ్యి పెడతాడు. నీకెందుకొచ్చిందో కారణం చెబుతాడు, ఫలానా మేనత్త దిష్టి అనో, ఫలానా శాపమనో. డాక్టరు "ఎందుకొచ్చిందో చెప్పలేం" అంటాడు. నిజం ఆయనదే. కానీ నిద్రపట్టించే జవాబు రెండోవాడిది. ఈ ఖాళీ ఉన్నంతకాలం అందులోకి ఎవడో ఒకడు వచ్చి కూర్చుంటాడు.

2021 మే నెల, కరోనా ఉధృతంగా ఉన్న రోజులు గుర్తున్నాయా? ఆక్సిజన్ పడకలు లేవు, ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం వేలమంది ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు. కంట్లో చుక్కలు వేస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న వీడియో ఇంటింటికీ చేరింది. చుక్కలతో లేచి కూర్చున్నానని చెప్పిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు కొద్దిరోజులకే ఆసుపత్రిలో చనిపోయారు. ఆంధ్ర ప్రభుత్వం మిగతా మందులకు అనుమతిచ్చినా కంటి చుక్కలకు ఇవ్వలేదు. ఆ క్యూలో నిలబడినవాళ్ళను వెర్రివాళ్ళని అనడం తేలిక. వాళ్ళకు పడక దొరికి ఉంటే నిలబడేవాళ్ళా?

ఆఖరున డబ్బు. అమ్ముకున్న చెవికమ్మలు, తాకట్టు పెట్టిన ఎకరం. యాభై వేలు పోశాక "ఇది పనిచేయడం లేదు" అని ఒప్పుకోవడానికి నోరు రాదు. ఇంకో పదివేలు పోయడమే సులువు.

స్వస్థత సభలో చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు లేచి నడిచారు. అది కూడా ఊహేనా?

చాలామంది ఆ కుర్చీలో ఎప్పటినుంచి ఉన్నారో కనుక్కోండి. గేటు దగ్గర వాలంటీర్లు "నిలబడలేకపోతున్నావా అవ్వా, కూర్చో" అని ఇచ్చే కుర్చీలు కొన్నిచోట్ల ఉంటాయి. మోకాళ్ళ నొప్పి ఉన్న ఆవిడ వేదిక మీద నాలుగడుగులు వేయగలదు, ఇంట్లోనూ వేస్తుంది. డప్పులు, పాటలు, వేలమంది కేకలు, ఆ ఉద్రేకంలో కాసేపు నొప్పి తెలియదు. మర్నాటి పొద్దున ఎలా ఉందో చూపించే కెమెరా ఉండదు.

అచ్చమైన దగా కూడా ఉంటుంది. అమెరికాలో పీటర్ పాపాఫ్ అనే ప్రబోధకుడు సభలో ముక్కూమొహం తెలియనివాళ్ళ పేర్లు, వీధి, జబ్బు చెప్పేవాడు. 1986లో ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ బృందం రేడియో స్కానరుతో పట్టుకుంది. భార్య ముందుగా జనంతో కబుర్లాడి, రాసుకున్న చీటీలు చూసుకుంటూ భర్త చెవిలోని బుల్లి యంత్రానికి చెబుతోంది. మరుసటి ఏడాది అతను దివాలా తీశాడు. తర్వాత కొన్నేళ్ళకు మళ్ళీ టీవీలో కనిపించి మంత్రజలం పంచాడు. ఇందులో నన్ను ఆలోచింపజేసేది మోసం బయటపడడం కాదు, బయటపడ్డాక కూడా జనం వెళ్ళడం.

కోడలికి ఎవరో 'మందు పెట్టారట'. కక్కిస్తే వెంట్రుకల ఉండ బయటపడుతుందంటున్నారు.

ఆ ఉండ కడుపులోంచి రాదు, తీసేవాడి చేతిలోంచో నోట్లోంచో వస్తుంది. నోటితో పీల్చి కిడ్నీలో రాళ్ళు తీసేవాళ్ళదీ ఇదే విద్య. ఆ రాయి తీసుకుని, మళ్ళీ స్కానింగు చేయించండి. లోపలి రాయి లోపలే ఉంటుంది.

అసలు ప్రశ్న వేరే ఉంది. కోడలు తిండి ఎందుకు మానేసింది? ఎందుకు చిక్కిపోతోంది? థైరాయిడ్, టీబీ, దిగులు, కాన్పు తర్వాతి కుంగుబాటు, కొన్నిసార్లు ఆ ఇల్లే కారణం కావచ్చు. పెట్టినవాళ్ళెవరని వెతుకుతూ కూర్చుంటే పక్కింటావిడతో పగ మిగులుతుంది.

డబ్బు తీసుకోనివాణ్ణి మోసగాడని ఎలా అంటారు?

అనను. షిమోగా జిల్లా ఆనందపుర దగ్గరి నరసీపురలో ఒక నాటువైద్యుడు ఏళ్ళ తరబడి క్యాన్సర్‌కు చెట్టు బెరడు ఇచ్చేవారు. ముందురోజు రాత్రే వెళ్ళి క్యూలో పడుకునేవాళ్ళు. 2020లో ఆయన పోయారు. ఆయన దొంగ అని నా నోటితో రాదు. నమ్మి ఇచ్చినవాడు, నమ్మి తీసుకున్నవాడు. మోసగాడెవడూ లేకుండానే తప్పుడు వైద్యం వర్ధిల్లగలదన్నదే నేను చెప్పేది. ఇచ్చినవాడి మంచితనం బెరడులోకి ఎక్కదు.

మోసాన్ని గుర్తుపట్టడానికి నేను చూసే గుర్తు డబ్బు కూడా కాదు. "ఆసుపత్రి మందు ఆపేయ్, అప్పుడే నాది పనిచేస్తుంది" అన్నాడా? ఆ మాట అన్నవాడు కాషాయం కట్టినా, తెల్లకోటు వేసినా, పైసా తీసుకోకపోయినా, అక్కడినుంచి లేచి వచ్చేయండి.

క్యాన్సర్‌కు ముందు ఆరు నెలలు నాటుమందు వాడి, తగ్గకపోతే కీమోకు వెళ్తే?

వద్దు. 2018లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, నయం చేయగల దశలో ఉండి కూడా మామూలు వైద్యం వద్దని ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్ళను, మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళతో పోల్చారు. మొదటివాళ్ళు చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయితే అయిదు రెట్లు దాటింది. ఆరు నెలల్లో గడ్డ ఊరుకోదు. మొదట చిన్న ఆపరేషన్‌తో పోయేది తర్వాత కాలేయానికి పాకుతుంది.

"మూలికే కదా, హాని ఏముంది" అన్న మాట కూడా నమ్మొద్దు. 2004లో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ దొరికాయి. కీళ్ళనొప్పులకు, ఉబ్బసానికి పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడి రెండ్రోజుల్లో అద్భుతంగా పనిచేస్తే సంతోషించకండి, అందులో స్టెరాయిడ్ కలిసిందేమో అనుమానించండి. మొహం ఉబ్బడం, షుగరు పెరగడం దాని జాడలు. ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే, ఆ పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లక్ష్మణఫలం కీమో కంటే పదివేల రెట్లు శక్తివంతమన్న సందేశానికి జవాబు రాయడం నేను మానేశాను.

మా తమ్ముడికి గాలి సోకిందంటున్నారు. దర్గాకా, నిమ్హాన్స్‌కా?

నిమ్హాన్స్‌కు. దర్గాకు కూడా వెళ్ళాలని అమ్మ పట్టుపడితే వెళ్ళండి, కాని అక్కడ వదిలి రావొద్దు.

తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా చుట్టూ పిచ్చివాళ్ళను ఉంచే ప్రైవేటు షెడ్లు ఉండేవి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక షెడ్డు అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టేయకూడదు, ఎక్కడైనా సరే.

రెండోవైపు మాటా చెప్పాలి. తమిళనాడులోని ఒక గుడిలో ఉండి కోలుకునే మానసిక రోగులను నిమ్హాన్స్ వైద్యులే వెళ్ళి పరిశీలించారు. ఆ ఫలితాలు 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. 31 మంది, సగటున ఆరు వారాల మకాం, మందుల్లేవు, మంత్రతంత్రాల తంతూ పెద్దగా లేదు. రోగ లక్షణాల కొలత దాదాపు 20 శాతం తగ్గింది. కొట్టకుండా, కట్టేయకుండా, తోడుగా ఇంటి మనిషిని ఉండనిచ్చి, గుడి పనుల్లో కలుపుకోవడమే సాయపడి ఉంటుందని వాళ్ళు రాశారు. పోల్చడానికి రెండో జట్టు లేని చిన్న అధ్యయనం, అది మరవకూడదు. అయినా ఆదరణ కూడా వైద్యంలో భాగమన్న పాఠం ఆసుపత్రులకూ పనికొస్తుంది. వేపమండలతో కొట్టి దయ్యాన్ని దించే చోటికి, ఆ గుడికీ పోలికే లేదు.

బెంగళూరు రాలేకపోతే మానసిక సమస్యలకు ఫోన్లో సలహా చెప్పే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

కుక్క కరిచింది. మూడు వారాలు పసరు మింగిస్తారట.

ఇప్పుడే లేవండి. గాయాన్ని ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో పావుగంట కడగండి. ఈ రోజే టీకా వేయించి, డాక్టరు చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి. కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు, పసరు వైద్యుడి 'విజయాలు' అక్కడివే. రేబిస్ లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలలకు, కొన్నిసార్లు ఏడాదికి బయటపడతాయి. బయటపడ్డాక బతకడం దాదాపు లేదు. పాముకాటుకూ ఇంతే. విషం లేని పాములూ ఉన్నాయి, విషం ఎక్కించని కాట్లూ ఉన్నాయి. మంత్రం పేరు నిలబెట్టేవి అవే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి విషానికి విరుగుడు సూది ఆసుపత్రిలోనే ఉంది.

పుట్టపర్తి బాబా గారి గురించి మీరేమంటారు? మాది ఆ జిల్లానే.

ఈ ప్రశ్న బెంగళూరుకు పాతదే. బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి హెచ్. నరసింహయ్య గారు 1976లో మహిమలను పరిశోధించే కమిటీ వేసి, సత్యసాయిబాబా గారిని పరీక్షకు ఒప్పుకోమని కోరుతూ ఉత్తరాలు రాశారు. ఆయన ఒప్పుకోలేదు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలో 51ఎ అధికరణం చేరింది కూడా ఆ ఏడాది సవరణతోనే.

నాకు నచ్చే సంగతి ఇంకొకటుంది. అదే బాబా గారి ట్రస్టు 1991లో పుట్టపర్తిలో, 2001లో వైట్‌ఫీల్డులో పెద్దాసుపత్రులు కట్టి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తోంది. విభూది ఇచ్చిన చోటే కోతా కుట్టూ ఏర్పాటు చేశారు. భక్తులైతే ఆ ఆసుపత్రి చీటీనే ప్రసాదమనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

పోలీసులకు చెప్పొచ్చా?

చెప్పొచ్చు. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం ప్రకారం క్యాన్సర్, షుగరు, మూర్ఛ, పక్షవాతం సహా జాబితాలోని 54 జబ్బులను తగ్గిస్తామని ప్రకటనలు ఇవ్వకూడదు. తాయెత్తు, కవచం, మంత్రంతో తగ్గిస్తామన్న ప్రకటనా నేరమే. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా. మెట్రో స్తంభాల మీది కరపత్రాలు చూస్తే చట్టం ఎంత గట్టిగా అమలవుతోందో తెలుస్తూనే ఉంది. కర్ణాటకకు వేరే చట్టం కూడా ఉంది. 2017లో చేసి, 2020 జనవరి నుంచి అమల్లోకి తెచ్చారు. దయ్యం వదిలిస్తానని కొట్టడం, కట్టేయడం, పాము, కుక్క కరిచినవాళ్ళను వైద్యానికి వెళ్ళనివ్వకుండా మంత్రం వేయడం దాని కింద నేరాలు. ఏడాది నుంచి ఏడేళ్ళ జైలు. రశీదులు, వాట్సాప్ సందేశాలు, మిగిలిన పొట్లం దాచిపెట్టుకోండి.

నాన్నకు ఎలా చెప్పాలి? మాట వినడు.

"నువ్వు మోసపోయావు" అని మొదలుపెట్టొద్దు. ఆ మాటతో నాన్న తన పరువు కోసం స్వామీజీ వైపే నిలబడతాడు. "నాన్నా, ఆ మందు వాడేది వాడు, ఇది కూడా ఆపకు" అనండి. ఒక తేదీ పెట్టుకోండి, ఆ రోజు మళ్ళీ స్కానింగు చేయిద్దామని ముందే ఒప్పందం చేసుకోండి. కాగితం మీద గడ్డ కొలత ఇద్దరూ కలిసి చూడండి. ఏం తాగుతున్నాడో డాక్టరుకు చెప్పండి, తిట్టినా చెప్పండి. ఇంట్లో పెద్దకోడలి మాట వింటాడంటే ఆమె చేతే చెప్పించండి.

డాక్టర్లు ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఇప్పుడు కూడా వద్దంటారా?

ఈ మాట చెప్పిన సాయంత్రమే ఎవరో ఒక బంధువు ఫోన్ చేస్తాడు, ఫలానా ఊళ్ళో ఫలానా ఆయనున్నాడని. పొలాలు అమ్ముడుపోయేది ఎక్కువగా ఈ సాయంత్రం తర్వాతే.

డాక్టరు మాటకు అర్థం గడ్డను పోగొట్టే వైద్యం లేదని. నొప్పికి, ఆయాసానికి, వాంతులకు, పుండుకు, నిద్రకు వైద్యం ఉంది. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఆసుపత్రిలో ఆ పేరు పెట్టి అడగండి, అడగకపోతే చాలాసార్లు ఎవరూ చెప్పరు. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. మత్తుమందు అలవాటవుతుందని భయపడి ఆపకండి, డాక్టరు చెప్పిన మోతాదులో అవి నొప్పికే పనిచేస్తాయి. మారతహళ్ళి దగ్గర కరుణాశ్రయ అనే కేంద్రం ఉంది. నయం కాని దశలోని క్యాన్సర్ రోగులను ఉంచుకుని పైసా తీసుకోకుండా చూస్తారు, ఇంటికి వచ్చి చూసే ఏర్పాటూ చేస్తారు. డిశ్చార్జి కాగితాలు, బయాప్సీ రిపోర్టు జిరాక్సులు రెండేసి తీయించి పెట్టుకుని వెళ్ళండి. రోగి వెంట ఒక మనిషి ఉండాలి. మాత్రలు అయిపోవడానికి వారం ముందే మళ్ళీ రాయించుకోండి, మార్ఫిన్ అన్ని మందుల షాపుల్లో దొరకదు.